పది లీటర్ల డబ్బా, పదిహేను లీటర్ల మీటరు

లేహ్ బజారులో మా బావగారు ఎంచిన ఆక్సిజన్ డబ్బా మీద ఎన్నిసార్లు పీల్చుకోవచ్చో పెద్ద అక్షరాలతో రాసి ఉంది. ఎన్ని లీటర్లో మాత్రం అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. పది. నేను ఒడిశాలోని జయపురంలో అల్లం, శొంఠి, పసుపు, కాలాజీరా బియ్యం టోకున అమ్మేవాణ్ని. సరుకు గొప్పతనం పెద్దగానూ తూకం చిన్నగానూ అచ్చువేసిన సంచీ చూస్తే అనుమానించడం మాకు పుట్టుకతో వచ్చిన విద్య. ఆ రోజు ఎందుకో అనుమానం రాలేదు. రెండు డబ్బాలు కలిపి పన్నెండు వందలు ఇచ్చి సంచిలో వేసుకున్నాం.

ఆ డబ్బా గురించీ, తిరిగి వచ్చాక మా ఊళ్లోనే దొరికిన అద్దె సిలిండరు గురించీ రాస్తున్నాను. రెండింటికీ డబ్బు నేనే కట్టాను. రెండింటినీ అర్ధరాత్రి, కళ్లు తెరవలేని స్థితిలో వాడి చూశాను.

ముందు నా రోగం సంగతి. దీన్ని క్లస్టర్ తలనొప్పి అంటారు. ఏడాదిలో ఒక ఆరేడు వారాలు మాత్రమే ఉంటుంది, తక్కిన కాలమంతా అయిపు ఉండదు. ఆ వారాల్లో మాత్రం గడియారం చూసుకుని వస్తుంది. నాకు రాత్రి ఒంటిగంటన్నరకు. పడుకున్న గంటన్నరకు ఎడమ కంటి వెనక ఎవరో పలుగు దించినట్లు మొదలై, గంటకు పైగా ఉండి, ఎలా వచ్చిందో అలాగే పోతుంది. ఎడమ కన్ను ఎర్రబడుతుంది, నీరు కారుతుంది, రెప్ప వాలిపోతుంది, అదే పక్క ముక్కు మూసుకుపోతుంది. పార్శ్వపు నొప్పి ఉన్న మా అక్క చీకటి గదిలో కదలకుండా పడుకుంటుంది. నేను పడుకోలేను, కూర్చోలేను. గోడౌన్ తాళం తీసి బస్తాల మధ్య అటూ ఇటూ నడుస్తూ ఉంటాను. మా రాత్రి కాపలాదారు మొదట్లో దొంగతనం అనుకున్నాడు, ఆ తర్వాత దయ్యం అనుకున్నాడు.

పేరు తెలియడానికి నాకు ఆరేళ్లు పట్టింది. సైనస్ అన్నారు, మందులు మింగాను. పన్ను పోటు అన్నారు, పై వరుసలో నిక్షేపంలాంటి దవడ పన్ను పీకించుకున్నాను. మా అమ్మ ఏటా శొంఠి అరగదీసి నుదుటికి పట్టు వేసేది. ఊరందరికీ శొంఠి అమ్మేవాణ్ని కనుక కాదనడానికి మొహం చెల్లలేదు. చివరికి విశాఖపట్నంలో ఒక న్యూరాలజిస్టు నేను చెప్పింది సగం విని, తక్కిన సగం ఆయనే చెప్పారు. ‘రాత్రి ఒకే వేళకు, ఒకే కంటికి, లేచి తిరుగుతారు, అవునా?’ అన్నారు. ఆ క్షణంలో ఆయన కాళ్లకు దండం పెట్టాలనిపించింది. మెదడులో నిద్రనూ ఒంటి గడియారాన్నీ నడిపే హైపోథాలమస్ అనే చోటు ఈ నొప్పి సమయంలో మేలుకుంటుందని 1998లోనే స్కానింగులో చూశారట. గోడౌన్‌లో గడియారం ఒంటిగంటన్నర కొట్టడానికి కారణం అక్కడ దొరికింది.

లేహ్‌కు ఎందుకు వెళ్లాననకండి. పది నెలలుగా నొప్పి లేదు. మా బావగారికి అరవై నిండాయి, లడఖ్ చూడాలని ఆయన ముచ్చట. నాకు ఇంకా సమయం ఉందనుకున్నాను. డాక్టరుగారు మాత్రం ఫోనులో ‘నొప్పి వారాల దగ్గరలో అంత ఎత్తుకు వద్దండి, వెళ్లితే సూది దగ్గర పెట్టుకోండి’ అన్నారు. సుమాట్రిప్టాన్ ఆరు మిల్లీగ్రాముల సూది. చర్మం కిందికి వేసుకుంటే పావుగంటలో పని చేస్తుంది, కానీ గుండెజబ్బు ఉన్నవాళ్లకు పనికిరాదు, రోజుకు రెండుకు మించకూడదు. అది మా ఊళ్లో దొరకదు, విశాఖలో చెప్పి తెప్పించుకోవాలి. తర్వాత చూద్దాం అనుకుని బిళ్లలు మాత్రం పెట్టుకున్నాను. ఆ తప్పు నాదే. గంట చిల్లరలో దిగిపోయే నొప్పికి, కడుపులోకి వెళ్లి రక్తంలో కలవడానికి అరగంటకు పైగా తీసుకునే బిళ్ల ఏం పనికొస్తుంది?

జయపురం సముద్రానికి ఆరు వందల మీటర్ల చిల్లర ఎత్తున ఉంటుంది. అక్కడి నుంచి విశాఖ, విశాఖ నుంచి ఢిల్లీ, ఢిల్లీ నుంచి తెల్లవారుజాము విమానంలో లేహ్. మూడున్నర వేల మీటర్లు. అక్కడి గాలి ఒత్తిడి సముద్రం దగ్గర ఉండేదానిలో మూడింట రెండు వంతులే. దిగీ దిగగానే రెండు రోజులు కదలవద్దని విమానంలోనే చెప్పారు. ఎత్తుకు అలవాటు పడడానికి అసెటజోలమైడ్ బిళ్లలు పూటకు 125 మిల్లీగ్రాముల చొప్పున ముందు రోజు నుంచే మింగుతున్నాం.

మొదటి సాయంత్రం బావగారికి తలనొప్పి వచ్చింది. తలంతా, రెండు పక్కలా, బరువుగా, వాంతి వచ్చేట్టుగా. మంచం మీద అడ్డంగా పడిపోయి ‘ఒరేయ్, దీపం ఆర్పరా’ అన్నారు. అది కొండ తలనొప్పి. నీళ్లు, విశ్రాంతి, ఒక పారాసెటమాల్, తెల్లారేసరికి తగ్గింది. రెండో రాత్రి ఒంటిగంటన్నరకు నేను లేచాను. అనుకున్నదానికంటే ముందుగానే. నేను మంచానికీ తలుపుకీ మధ్య తిరగడం చూసి ఆయనకు అర్థం కాలేదు. ‘నాకు నిన్న వచ్చిందే నీకూ వచ్చింది, పడుకోరా, తగ్గిపోతుంది’ అంటారు. పక్కపక్క మంచాల మీద రెండు వేరు వేరు రోగాలు. రెండింటికీ తలనొప్పి అన్న పేరే. గాలిలో ఆక్సిజన్ తగ్గడం ఈ నొప్పిని తట్టి లేపగలదని నాకు తెలుసు, కానీ నా విషయంలో అలా జరుగుతుందని అనుకోలేదు.

అప్పుడు డబ్బా తీశాం. మూతనే మాస్కులా ముక్కుకు ఆనించి నొక్కితే తుస్సుమంటూ వస్తుంది. నొక్కినప్పుడల్లా ఒక గుక్క. చుట్టూ ఉన్న లేహ్ గాలితో కలిసి వస్తుంది కనుక అది ఎంత ఆక్సిజనో దేవుడికే తెలియాలి. నాకు డాక్టరుగారు చెప్పిన మోతాదు నిమిషానికి పన్నెండు నుంచి పదిహేను లీటర్లు, పావుగంట పాటు. 2009లో వచ్చిన ఒక పరిశోధనను తన కంప్యూటర్ తెరమీద చూపించారు కూడా. నిమిషానికి పన్నెండు లీటర్ల ఆక్సిజన్ పీల్చినప్పుడు నూటికి డెబ్బై ఎనిమిది సార్లు పావుగంటలో హాయిగా ఉందట, మామూలు గాలి పీల్చినప్పుడు ఇరవై సార్లే. ఆ లెక్కన పది లీటర్ల డబ్బా యాభై సెకన్లకు సరిపోతుంది. గుప్పెడు సరుకు అమ్మి బస్తా ధర పుచ్చుకున్నట్టుంది. కొండ ఎక్కి ఆయాసపడేవాళ్లకు ఒక గుక్క ఊరటగా ఉంటుందేమో, నేను కాదనను. క్లస్టర్ తలనొప్పికి మాత్రం అది డబ్బులు మాయం చేసే డబ్బా. ఒక్క నక్షత్రం కూడా దండగ.

హోటల్ కుర్రవాడు, పాపం, నిద్రలేచి ఒక యంత్రం తోసుకొచ్చాడు. గాలిలోంచి ఆక్సిజన్ విడదీసే కాన్సెన్‌ట్రేటర్. ఐదు లీటర్లది. ముక్కులో పెట్టే సన్నని గొట్టం. మర ఐదు దగ్గర పెట్టినా నాకు కావలసినదానిలో మూడో వంతే. పైగా ముక్కు గొట్టంతో పీల్చిన దానిలో సగానికి పైగా మామూలు గాలే ఉంటుంది. నా ఎడమ ముక్కు మూసుకునే ఉంది మరి. ఇరవై నిమిషాలు ఆ మర రొద విన్నాను, నొప్పి అంగుళం కదలలేదు.

టాక్సీలో ఆసుపత్రికి వెళ్లాం. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ నా వాలిన రెప్ప చూసింది, ఒక్క ప్రశ్న అడిగింది, నర్సుకు ఒక్క మాట చెప్పింది. రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూడడానికి వేలికి పెట్టిన క్లిప్పు 86 శాతం చూపింది. అప్పుడు మొదటిసారి నా ముఖానికి సంచి ఉన్న మాస్కు వచ్చింది. నర్సు గొట్టం తగిలించి, కవాటం పదిహేనుకు తిప్పి, మాస్కు కింద వేలాడే ప్లాస్టిక్ సంచి పూర్తిగా ఉబ్బేదాకా వేలితో రంధ్రం మూసి ఉంచి, ఆ తర్వాత నా ముక్కుకు తగిలించింది. ఊపిరి తీసుకుంటే సంచి సగం లోపలికి ముడుచుకుంది, వదిలితే మళ్లీ ఉబ్బింది. వదిలిన ఊపిరి సంచిలోకి పోకుండా పక్క నుంచి పోతుంది. అంతే ఆ మాస్కులోని విద్య. సంచి నిండుగా ఉంటే నువ్వు పీల్చేది దాదాపు అచ్చమైన ఆక్సిజనే. పన్నెండో నిమిషానికి కంటి వెనక పలుగు ఎవరో లాగేసినట్టయింది.

వ్యాపారిని కనుక ఇంకో లెక్క కూడా వేశాను. అప్పటికే నొప్పి వచ్చి గంట కావస్తోంది, అది తనంతట తానే దిగిపోయి ఉండవచ్చు కదా? అందుకే మూడో రాత్రి మెలకువ రాగానే బూట్లు కూడా లేకుండా టాక్సీ ఎక్కాను. పది నిమిషాల్లో అక్కడ ఉన్నాను, మాస్కు పెట్టిన పదకొండు నిమిషాల్లో దిగిపోయింది. అప్పుడు నమ్మాను. డాక్టరమ్మ ఇక కిందికి వెళ్లిపొమ్మంది. నాలుగో రోజు నేను ఢిల్లీ విమానం ఎక్కాను. బావగారు ఖర్దుంగ్ లా అనే కనుమ ఎక్కి బోర్డు ముందు నిలబడి ఫొటో పంపారు. అక్కడి బోర్డు మీద ఏళ్ల తరబడి ఎత్తు 18,380 అడుగులని ఉండేది. నిజానికి ఆ కనుమ 17,500 అడుగుల చిల్లరే. అక్కడా తూకంలో తేడా.

ఇంటికొచ్చినా నా వారాలు ఇంకా పూర్తి కాలేదు. విశాఖ డాక్టరుగారు నొప్పి రాకుండా ఆపే వెరాపమిల్ అనే మందు మొదలుపెట్టారు. గుండె లయ మీద ప్రభావం చూపుతుంది కనుక మోతాదు పెంచిన ప్రతిసారీ ఈసీజీ తీయిస్తున్నారు. అది పని చేసేదాకా ప్రతి రాత్రికీ ఆక్సిజన్ రాసిచ్చారు. చీటీలో ‘15 లీటర్లు, సంచి మాస్కు, 15 నిమిషాలు’ అని గీత గీసి మరీ రాశారు. ఆ గీత వల్లనే పని జరిగింది.

జయపురంలో ఆసుపత్రి మంచాలు, చక్రాల కుర్చీలు, సిలిండర్లు అద్దెకిచ్చే దుకాణం ఒకటి ఉంది. పేరు రాయను, యజమాని వద్దన్నాడు, ప్రకటన అనుకుంటారని. ఒడియా ఆయన, సాలూరు పిల్లను చేసుకున్నాడు, అత్తవారింటి తెలుగు మాట్లాడతాడు. చీటీ చూడగానే ఆయన అన్న మొదటి మాట ఇది: ‘సావుకారు గారూ, మీ చేతికి నూనె ఉందా?’ నాకు అర్థం కాలేదు. ఆ రోజు కొట్లో ఆవనూనె డబ్బాలు దింపించాను, చేతులు తుడుచుకున్నానే కానీ సబ్బుతో కడుక్కోలేదు. ‘ఆక్సిజన్ దగ్గర నూనె అంటే నిప్పుకి పెట్రోలు. కడుక్కుని రండి, అప్పుడు చూపిస్తాను’ అన్నాడు. అమ్మే ముందు కొనేవాడి చేతులు కడిగించిన దుకాణాన్ని నేను అంతకుముందు చూడలేదు. అక్కడే ఆయనకు నాలుగు నక్షత్రాలు పడ్డాయి.

సిలిండరు నల్లని ఒళ్లు, తెల్లని భుజం. మనిషి నడుము ఎత్తు. లోపలి ఖాళీ పది లీటర్లు, కానీ చదరపు సెంటీమీటరుకు 150 కిలోల ఒత్తిడితో నింపుతారు కనుక పదిహేను వందల లీటర్ల గ్యాసు పడుతుంది. అంటే మీటరు ముల్లు చూపిన అంకెను పదితో హెచ్చిస్తే లోపల ఎన్ని లీటర్లు మిగిలాయో వస్తుంది. ఆయన ఇది చెప్పినప్పుడు నాకు తక్కెడ చేతికిచ్చినట్టయింది. పదిహేను లీటర్ల చొప్పున పావుగంటకు 225 లీటర్లు. నిండు సిలిండరు ఆరు నొప్పులకు నిండుగా, ఏడోదానికి సగానికి పైగా వస్తుంది. దాని పక్కన ఆ పది లీటర్ల డబ్బాను నిలబెట్టి చూసుకోండి.

పనిచేసే కుర్రవాడు ఇంటికి తెచ్చి బిగించాడు. నేను దగ్గర కూర్చుని చూశాను. సిలిండరు తల మీది కవాటాన్ని క్షణం తెరిచి మూశాడు, దుమ్ము ఎగిరిపోవడానికట. బుస్సుమన్న ఆ చప్పుడుకు మా ఆవిడ వంటింట్లోంచి ‘ఏమండీ!’ అంటూ పరుగున వచ్చింది. తర్వాత రెగ్యులేటరు బిగించి, పక్కకు తప్పుకుని మెల్లగా తెరిచాడు. ముల్లు వణుకుతూ పైకెక్కి 140 దగ్గర ఆగింది. గాజు గొట్టంలోని చిన్న గుండు నిలువుగా లేచి పదిహేను గీత మీద తేలింది. గుండు నడుము దగ్గర అంకె చూడాలి, తలదగ్గర కాదు అన్నాడు. ఆక్సిజన్‌కు తడి పట్టించే నీళ్ల సీసా మూత వదులుగా ఉంటే అక్కడే సగం గాలి కారిపోతుందనీ చెప్పాడు. నేను వినలేదు. మొదటి రాత్రి సంచి ఉబ్బలేదు, సీసా దగ్గర సన్నగా ఈల. మూత తిప్పి బిగించగానే సంచి నిండింది. నాలుగు నిమిషాలు దండగ, తప్పు నాదే.

సిలిండరును దేవుడి గూడుకు ఎదురుగా పెడదామంది మా ఆవిడ, మంచిదని. దీపం ఉన్న చోట వద్దని కుర్రవాడు దాన్ని గోడౌన్ వైపు గదికి మార్చి గోడ కొక్కేనికి గొలుసుతో కట్టాడు. అగరుబత్తి కూడా ఆ గదిలో వెలిగించడం మానేశాం. నడవడం మాత్రం మానలేదు. ఆరు అడుగుల గొట్టం పొడుగుకు తగినంత నడుస్తాను.

మాస్కు గురించి విడిగా చెప్పాలి. రెండు వందల యాభై రూపాయలు. అక్కడ నాలుగు రకాలు వేలాడుతున్నాయి, మూడు సంచి లేనివి, చవక. నేను అలవాటు కొద్దీ చవకది అందుకోబోతే యజమాని నా చేయి పట్టుకుని చీటీలోని గీత చూపించాడు. సంచి లేని మాస్కులో చుట్టూ గాలి కలిసిపోతుంది, ఆ సిలిండరంతా వట్టిపోయినట్టే. ఒక చిన్న ఫిర్యాదు ఉంది. మాస్కు రబ్బరు పట్టీ నా చెవుల వెనక కోస్తుంది, ముక్కు దగ్గర రేకు గట్టిగా నొక్కకపోతే కంటిలోకి గాలి కొడుతుంది. ఎర్రబడిన కంటికి ఆ గాలి సూదిలా ఉంటుంది. మా ఆవిడ పట్టీకి పాత బనియను గుడ్డ చుట్టింది.

ఇప్పుడు దుకాణం తప్పులు. ఆదివారం మూసేస్తారు, నొప్పికి ఆదివారం సెలవు లేదు. నింపడానికి బండి ఊరు దాటి వెళ్లి రావాలి, రెండు రోజులు పడుతుంది, కాబట్టి నెలకు రెండో సిలిండరు అద్దె కూడా కట్టాలి. డిపాజిట్ ఐదు వేలు తీసుకున్నారు, రసీదు అడిగితేనే ఇచ్చారు. మూడోసారి వచ్చిన ‘నిండు’ సిలిండరు ముల్లు 110 దగ్గర ఆగింది. నాలుగు వందల లీటర్లు తక్కువ, అంటే దాదాపు రెండు రాత్రులు. ఫోను చేస్తే ‘చలి కదా సావుకారు గారూ, చలికి ముల్లు దిగుతుంది’ అన్నాడు. దిగుతుంది, నిజమే. మా కోరాపుట్ వైపు చలికి పది దిగుతుందేమో, నలభై దిగదు. అల్లం తేమ ఆరి తూకం తగ్గింది అని రైతులకు నేను చెప్పిన మాటలు గుర్తొచ్చి కోపం సగం తగ్గింది. తర్వాతి నింపుడు ఖరీదులో తగ్గించాడు. అందుకని నాలుగు నక్షత్రాలే ఉంచుతున్నాను, ఐదోది ఇవ్వను.

ఇంకెవరైనా నాలాంటివాళ్లు లేహ్ లాంటి చోటికి తప్పనిసరిగా వెళ్లాల్సి వస్తే ఒకటి తెలుసుకోండి. సిలిండరు విమానంలో మామూలుగా ఎక్కనివ్వరు, ఆ చిన్న డబ్బా కూడా ఎక్కనివ్వరు. మాస్కు ఎక్కనిస్తారు, అది మీ సంచిలోనే ఉండాలి. హోటల్ బుక్ చేసేటప్పుడు ‘ఆక్సిజన్ ఉందా?’ అని అడగకండి, అందరూ ఉందనే అంటారు. సిలిండరా మరా, మీటరు ఎన్ని లీటర్లదాకా వెళ్తుంది, ముల్లు ఇప్పుడు ఎక్కడుంది అని అడగండి. సూది ముందే తెప్పించుకుని, ఎలా వేసుకోవాలో మీ డాక్టరు దగ్గర ఒకసారి చూసుకోండి. నేను ఈ శీతాకాలం మా అమ్మాయితో దేవమాలి కొండ ఎక్కాను, 1,672 మీటర్లు, ఏమీ కాలేదు. అయినా బొలెరోలో సిలిండరును తాడుతో కట్టి తీసుకెళ్లాను. మా అమ్మాయి దానికి తువ్వాలు కప్పి ‘తాతయ్య’ అని పేరు పెట్టింది.

ఈ సాయంత్రం మీటరు చూశాను, 90 దగ్గర ఉంది. తొమ్మిది వందల లీటర్లు, నాలుగు రాత్రులు. రెండోది 40 చూపిస్తోంది, ఒక రాత్రి ఖాయం, రెండోది అనుమానం. ఇవాళ శుక్రవారం. రేపు కొట్టు తెరవగానే చేతులు సబ్బుతో కడుక్కుని ఆ నలభై సిలిండరును నింపుడుకు పంపాలి.